38 జీబీ పాత సంచికలు సర్వర్‌కి చేరాలంటే

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలోని పాత మాసపత్రికల్ని స్కాన్ చేశాం. మొత్తం 38 జీబీ, ఇంచుమించు 21 వేల ఫైళ్ళు. అద్దెకు తీసుకున్న ఉబుంటు సర్వర్‌లో పెట్టి అందరూ చదువుకునేలా చేయాలని మా ఆశ. సర్వర్ డిస్కు 50 జీబీ. నాది విండోస్ 11 ల్యాప్‌టాప్. విన్‌ఎస్‌సీపీతో వెబ్‌సైటు ఫోల్డర్‌లోకి పంపితే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. హోమ్ ఫోల్డర్‌లోకి వెళ్తున్నాయి కానీ, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి ఆగిపోయి ఉంటోంది. ఇప్పటికి మూడుసార్లయింది. కొన్ని పేర్ల చివర ‘ఫైల్‌పార్ట్’ అనే తోక కనిపిస్తోంది. రెండు ఫైళ్ళకి పేరు మరీ పొడుగంటూ ఒప్పుకోలేదు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి తన పాత మ్యాక్ నుంచి కొన్ని సంచికల పీడీఎఫ్‌లు నేరుగా సర్వర్‌కి పంపాడు. అవే నేనూ పంపితే చాలావరకు ఒకదానిమీద ఒకటి పడ్డాయి గానీ, చైత్రం, వైశాఖం సంచికలు మాత్రం ఒకే పేరుతో రెండేసి కనిపిస్తున్నాయి. తెలిసినవాళ్ళలో ఒకరు జిప్ చేసి పంపమంటున్నారు, ఇంకొకరు ఎఫ్‌టీపీ పెట్టించుకోమంటున్నారు. ఏం చేయమంటారు? అన్నీ సరిగ్గా చేరాయని తెలిసేదెలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: జిప్ వద్దు, ఎఫ్‌టీపీ అంతకన్నా వద్దు. ఆర్‌సింక్ అనే, ఫైళ్ళని రెండు కంప్యూటర్ల మధ్య పంపే సాధనం వాడండి. ఇప్పటిదాకా పూర్తిగా చేరినవేవీ వృథా కాలేదు, మళ్ళీ మొదటినుంచి పంపనక్కర్లేదు. కింద చెప్పే కమాండ్లను తెలుగులో పలికినట్టు రాస్తున్నాం. మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసినచోట విడిగా చెబుతాం.

పంపడం సంగతి తర్వాత, ముందు సర్వర్‌లో చోటుందో లేదో చూడండి. లాగిన్ అయి డీఎఫ్ -హెచ్ అని కొడితే డిస్కుల పట్టీ వస్తుంది. అందులో ‘అవైల్’ కింద ఉన్న అంకె మీకు కావలసింది. విండోస్ చూపే జీబీ, డీఎఫ్ -హెచ్ చూపే జీ రెండూ 1024 లెక్కే కాబట్టి నేరుగా పోల్చుకోవచ్చు. అద్దెకిచ్చినవాళ్ళు చెప్పిన 50 వెయ్యి లెక్కదైతే ఇక్కడ 46.6 గానే కనబడుతుంది. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసిన డిస్కులో మామూలుగా 5 శాతం రూట్ (సర్వర్‌లో సర్వాధికారాలున్న యూజర్) కోసం అట్టేపెట్టి ఉంటుంది, అది 2.3. ఉబుంటు, వెబ్ సర్వర్, లాగ్ ఫైళ్ళకి ఓ నాలుగైదు వేసుకోండి. మిగిలేది 39 లేదా 40. మీ సంచికలు 38. ఇరుక్కుని కూర్చోవడమే తప్ప కాలు చాపుకునే చోటు లేదు. పని మొదలుపెట్టకముందే డిస్కు 80కి పెంచుకుంటే మంచిది. నిండిపోయాక ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని పంపడం ఒక్కటే ఆగదు, వెబ్‌సైటు కూడా లాగ్ రాసుకోలేక మూలుగుతుంది.

జిప్ వద్దన్నది ఇందుకే. జిప్ ఫైలు 38, అక్కడ విప్పితే ఇంకో 38, మొత్తం 76 జీబీ కావాలి. పోనీ, నొక్కితే చిన్నదవుతుందా అంటే జేపీజీలు, పీడీఎఫ్‌లోని స్కాన్లు ముందే నొక్కినవి. గంటసేపు ఫ్యాను తిరగడమే గానీ పెద్దగా తగ్గదు. పైగా ఆ ఒక్క ఫైలు సగంలో తెగితే అక్కడ విప్పడం కష్టం.

ఇక ఎఫ్‌టీపీ, ఫైళ్ళు పంపే పాత పద్ధతి. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని నిబంధనలు 1985 నాటివి. పాస్‌వర్డును విప్పిచెప్పిన గుట్టులా దారిపొడుగునా వెల్లడిగానే పంపుతుంది. ఇలా దారిలో పాస్‌వర్డులు దొంగిలించిన సంఘటన తర్వాతే 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యులనెన్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి గుట్టుగా లాగిన్ అయ్యే పద్ధతి) రాశారు. మీ విన్‌ఎస్‌సీపీ వాడుతున్న ఎస్‌ఎఫ్‌టీపీ ఆ ఎస్‌ఎస్‌హెచ్ లోపలే, 22వ పోర్టు మీదే నడుస్తుంది. పేరులో పోలికే గానీ ఎఫ్‌టీపీకి దీనికి చుట్టరికం లేదు. మీ సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఇప్పటికే పనిచేస్తోంది కాబట్టి కొత్త తలుపు తెరవాల్సిన పని లేదు.

ఎంతసేపు పడుతుందో ముందే లెక్కేసుకోండి, సగం కంగారు తగ్గుతుంది. మీ ఇంటర్నెట్ ప్లానులో గొప్పగా రాసేది దించుకునే వేగం, మీకు కావలసింది ఎక్కించే వేగం. స్పీడ్ టెస్టులో ‘అప్‌లోడ్’ 20 ఎంబీపీఎస్ వచ్చిందనుకోండి. అవి బిట్లు, 8తో భాగిస్తే సెకనుకు 2.5 మెగాబైట్లు. 1024 లెక్కలో 38 జీబీ అంటే వెయ్యి లెక్కలో దాదాపు 40,800 ఎంబీ. భాగిస్తే 16,320 సెకన్లు, అంటే నాలుగున్నర గంటలు. అప్‌లోడ్ 5 మాత్రమే వస్తే 18 గంటలు. ఏ సాఫ్ట్‌వేరు మార్చినా ఈ లెక్క మారదు.

మారేది ఇంకొకటుంది. ఎస్‌ఎఫ్‌టీపీలో ఒక్కో ఫైలుకి తెరవడం, రాయడం, తేదీ వేయడం, మూయడం అంటూ కనీసం నాలుగుసార్లు సర్వర్ జవాబు కోసం ఆగే రకం సాఫ్ట్‌వేర్లుంటాయి. సర్వర్ అమెరికాలో ఉండి రాకపోకలకి 250 మిల్లీసెకన్లు పడితే, 21 వేల ఫైళ్ళకి ఊరికే ఎదురుచూడ్డానికే దాదాపు ఆరు గంటలు. అదే ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉండి 20 మిల్లీసెకన్లు పడితే అరగంటలోపు. అమెజాన్ క్లౌడ్‌కి ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి కేంద్రాలున్నాయి. సర్వర్ ఎక్కడుండాలో ఎంచుకునే వీలుంటే దగ్గరది ఎంచుకోండి. ఆర్‌సింక్ మాత్రం ఒక్కో ఫైలుకీ ఆగి జవాబు కోసం చూడదు, వరసగా తోసేస్తూనే ఉంటుంది. దూరం దానికి అంతగా పట్టదు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేసిన సాధనం ఇది.

రాత్రిళ్ళు ఎందుకు ఆగుతోందంటే, చాలావరకు నేరం ల్యాప్‌టాప్‌ది. మీరు పడుకున్నాక అదీ పడుకుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ విభాగంలో ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు ‘స్లీప్’ అన్నదాన్ని ‘నెవర్’ చేయండి. మూత మూస్తే ఏం చేయాలన్నది కంట్రోల్ ప్యానెల్‌లో విడిగా ఉంటుంది, దాన్నీ ‘డూ నథింగ్’ చేయండి. అప్‌డేట్లను ఒక వారం ఆపి ఉంచండి, లేదంటే అర్ధరాత్రి దానంతటదే రీస్టార్టవుతుంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడ్డా రౌటర్ నిలబడదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ లేకపోతే తెగడం ఖాయం అనుకునే పని మొదలుపెట్టాలి.

ఆ ‘ఫైల్‌పార్ట్’ తోక చెడ్డదేం కాదు. 100 కేబీ దాటిన ఫైలుని విన్‌ఎస్‌సీపీ ముందు ఆ తోకతో పంపి, పూర్తయ్యాక తోక తీసేస్తుంది. తోక మిగిలిందంటే ఆ ఫైలు సగంలో ఆగిందని అర్థం. 100 కేబీ దాటినవాటిలో తోకలేనివి మాత్రం పూర్తిగా చేరినవే. ఈ సగం ముక్కలు ఆర్‌సింక్‌కి పనికిరావు, చోటు తినేస్తాయి. సర్వర్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి ఫైండ్ . -నేమ్ '*.ఫైల్‌పార్ట్' అని కొట్టి పట్టీ చూసుకోండి. సరైనవే అనిపిస్తే అదే కమాండు చివర -డిలీట్ చేర్చి మళ్ళీ కొట్టండి. చివరనే చేర్చాలి. ఫైండ్ ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. డిలీట్‌ని నేమ్ కన్నా ముందు పెడితే పేరు చూడకుండా ఆ ఫోల్డర్ మొత్తం ఊడ్చేస్తుంది.

విండోస్‌లో ఆర్‌సింక్ రాదు, ఉబుంటుని లోపల పెట్టుకోవాలి. పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్ అని కొట్టి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే ఉబుంటు వస్తుంది. ఆర్‌సింక్ అందులో లేకపోతే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్‌సింక్. సర్వర్‌లోనూ ఉండాలి, ఒక చివరే ఉంటే పనిచేయదు. మీ డీ డ్రైవు ఈ ఉబుంటుకి /ఎమ్ఎన్‌టీ/డీ అనే దారిలో కనబడుతుంది. సంచికలు యూఎస్‌బీ డిస్కులో ఉండి, దాన్ని తర్వాత గుచ్చితే దానంతటది కనబడకపోవచ్చు. అప్పుడు సుడో మౌంట్ -టీ డీఆర్‌వీఎఫ్ఎస్, ఖాళీ, డ్రైవు అక్షరం పక్కన కోలన్, ఖాళీ, /ఎమ్ఎన్‌టీ/ఆ అక్షరం. ఆ పేరుతో /ఎమ్ఎన్‌టీలో ఫోల్డర్ లేకపోతే ముందుగా సుడో ఎమ్‌కేడిర్‌తో చేసుకోవాలి.

తాళంచెవి, అంటే పాస్‌వర్డు బదులు లాగిన్‌కి వాడే కీ ఫైలు, దాని దగ్గర చాలామంది తట్టుకుంటారు. విన్‌ఎస్‌సీపీలో మీరు వాడుతున్నది పీపీకే ఫైలైతే ఉబుంటులోని ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని గుర్తుపట్టదు. పుట్టీజెన్ అనే ప్రోగ్రాములో దాన్ని తెరిచి ‘కన్వర్షన్స్’ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కీ’ నొక్కి కొత్త ఫైలుగా దాచుకోండి. దాన్ని సీ డ్రైవులోనే ఉంచి వాడబోతే ‘అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్’ అని పెద్దక్షరాల హెచ్చరిక వస్తుంది. విండోస్ డ్రైవుల్లోని ఫైళ్ళన్నీ ఈ ఉబుంటుకి 777గా, అంటే ఎవరైనా చదివేవిగా, రాసేవిగా కనబడటమే కారణం. అందుకని ఉబుంటు హోమ్‌లోని .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోకి దాన్ని కాపీ చేసి, చ్‌మోడ్ (సీహెచ్ఎంఓడీ అని కొట్టాలి) 600 ఇవ్వండి, అంటే మీరొక్కరే చదివి రాయగలిగేలా. ఆ ఫోల్డర్‌కి 700. ఇక మీ అబ్బాయికి మీ చెవి వాట్సాప్‌లో పంపకండి. ఆయన తన చెవి తను చేసుకుని, దాని పబ్లిక్ సగం మీకు పంపితే సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో ఇంకో వరసగా అతికించొచ్చు.

అదే .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే పేరుతో ఓ చిన్న ఫైలు రాసుకుంటే రోజూ చిరునామా కొట్టే బాధ తప్పుతుంది. మొదటి వరస హోస్ట్ భండారం. కింద హోస్ట్‌నేమ్ పక్కన సర్వర్ ఐపీ, యూజర్ పక్కన ఉబుంటు, ఐడెంటిటీఫైల్ పక్కన చెవి ఉన్న దారి, సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ పక్కన 30. ఈ చివరి వరస 30 సెకన్లకోసారి సర్వర్‌ని పలకరిస్తూ ఉంటుంది. కదలిక లేదని రౌటర్ కనెక్షన్ తెంపేయకుండా ఇది కాపాడుతుంది. ఇకనుంచి ఎస్‌ఎస్‌హెచ్ భండారం అంటే చాలు.

ఇప్పుడు ఆ ‘పర్మిషన్ డినైడ్’. దీంట్లో రెండు జాతులున్నాయి. పక్కనే బ్రాకెట్లో ‘పబ్లిక్‌కీ’ అని ఉంటే మీరింకా గుమ్మం బయటే ఉన్నారు, చెవి గానీ యూజర్ పేరు గానీ తప్పు. మీకొచ్చింది రెండోది. లోపలికి రానిచ్చారు గానీ ఆ గది మీది కాదు. వెబ్ ఫోల్డర్, అంటే /వీఏఆర్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కింద ఉన్నది, రూట్ సొత్తు. మీరు లోపలికి వెళ్ళింది ఉబుంటు అనే యూజర్‌గా. చాలామంది చెప్పే చిట్కా 777 ఇచ్చేయడం. వద్దు. వెబ్‌సైటులో ఏ చిన్న లోపం దొరికినా బయటివాడు తన ఫైళ్ళు అక్కడ రాసుకోవడానికి అది తెరిచిపెట్టిన తలుపు. సర్వర్‌లో సుడో ఎమ్‌కేడిర్‌తో అక్కడ పత్రికలు అనే ఫోల్డర్ ఒకటి చేసి, సుడో చౌన్ ఉబుంటు:ఉబుంటు అంటూ ఆ ఒక్క ఫోల్డర్‌ని మీ పేర రాయించుకోండి. వెబ్ సర్వర్ చదివితే చాలు, రాయనక్కర్లేదు. ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 సరిపోతుంది.

హోమ్‌లోకి ఇప్పటికే చేరినవాటిని అక్కడికి ఎమ్‌వీ కమాండుతో జరపండి. ఒకే డిస్కులో అయితే జరపడమంటే చిరునామా మార్చడమే, ఎన్ని జీబీలున్నా క్షణంలో అయిపోతుంది. జరపకుండా హోమ్‌కి లింకు పెట్టి సరిపుచ్చుదామనుకుంటే 403, అంటే చూడ్డానికి అనుమతి లేదనే ఎర్రర్, వస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసిన హోమ్ ఫోల్డర్లు 750తో పుడుతున్నాయి, వెబ్ సర్వర్ లోపలికి తొంగిచూడలేదు.

అసలు కమాండు ఇది. మీ ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు కిటికీలో కొట్టాలి, సర్వర్‌లోకి లాగిన్ అయిన కిటికీలో కాదు:

ఆర్‌సింక్ -ఆర్‌టీవీఎన్ --చ్‌మోడ్=డీ755,ఎఫ్644 --పార్షియల్-డిర్=.సగం --టైమౌట్=60 /ఎమ్ఎన్‌టీ/డీ/పత్రికలు/ భండారం:/వీఏఆర్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/పత్రికలు/

మైనస్ పక్కన ఆర్ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, టీ అంటే ఫైళ్ళ తేదీలు అలాగే ఉంచు, వీ అంటే ఏం చేస్తున్నావో చెబుతుండు. ఎన్ అంటే ఉత్తుత్తి పరుగు: ఏం పంపుతుందో చెబుతుంది, పంపదు. పట్టీ చూసి తృప్తి కలిగాక ఆ ఎన్ ఒక్కటి తీసేసి మళ్ళీ కొట్టండి. ఎక్కడ చూసినా -ఏ వాడమంటారు గానీ మీకది వద్దు. విండోస్ డ్రైవులోని ఫైళ్ళన్నీ 777గా కనబడతాయని పైన చెప్పాం కదా, -ఏ ఆ 777ని సర్వర్ దాకా మోసుకుపోతుంది. సీహెచ్ఎంఓడీ అని రాసే ఆ చ్‌మోడ్ భాగం, ఏది ఏ హక్కుతో చేరాలో చెబుతుంది. అందులోని డీ, ఎఫ్ మాత్రం పెద్ద అక్షరాలు. పార్షియల్-డిర్ వల్ల సగంలో తెగిన ఫైలు ‘.సగం’ అనే దాపుడు ఫోల్డర్‌లో ఉంటుంది, వెబ్‌సైటులో ఎవరికీ సగం పీడీఎఫ్ తగలదు. మళ్ళీ మొదలెట్టినప్పుడు ఆ ముక్క నుంచే అందుకుంటుంది. ఆ పేరు తెలుగులో ఉన్నా లినక్స్‌కి (ఉబుంటు అందులో ఒక రకం) అభ్యంతరం లేదు.

మొదటి దారి చివర ఉన్న స్లాష్‌ని చిన్నచూపు చూడకండి. ‘పత్రికలు/’ అంటే ఆ ఫోల్డర్‌లో ఉన్నవి పంపమని. స్లాష్ లేకుండా ‘పత్రికలు’ అంటే ఫోల్డర్‌తో సహా పంపమని. అప్పుడు సర్వర్‌లో పత్రికలు లోపల ఇంకో పత్రికలు పుట్టి, 38 జీబీ రెండోసారి బయల్దేరుతుంది. కోలన్ కూడా అంతే ముఖ్యం. భండారం పక్కన అది మర్చిపోతే భండారం అనేది సర్వర్ అని దానికి తెలియదు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఆ పేరుతో ఉన్న ఫోల్డర్ అనుకుంటుంది, సర్వర్‌కి ఏమీ చేరదు.  ఉబుంటు కిటికీలో డీ:\ అని విండోస్ పద్ధతిలో దారి రాస్తే, ఆ కోలన్ చూసి డీ అనేది ఇంకో సర్వర్ పేరనుకుని, రెండు చివరలూ దూరపువే అయితే కుదరదంటుంది.

ఇప్పటికే చేరినవాటిని అదే దాటేస్తుంది. సైజూ తేదీ రెండూ కలిస్తే ముట్టుకోదు. విన్‌ఎస్‌సీపీ మామూలుగా తేదీలు నిలబెడుతుంది కాబట్టి మీరు పంపినవి కలుస్తాయి. మీ అబ్బాయి పంపినవాటి తేదీలు వేరుగా ఉండొచ్చు. అయినా మొత్తం మళ్ళీ పోదు: ముక్కలుగా కొలిచి, తేడా ఉన్న ముక్కలే పంపి, తేదీ సరిచేస్తుంది. ఇంట్లో మిగతావాళ్ళు వీడియో కాల్ తెగిపోతోందని గోల చేస్తే --బీడబ్ల్యూలిమిట్=1500 చేర్చండి, సెకనుకు దాదాపు ఒకటిన్నర ఎంబీ దాటకుండా వెళ్తుంది. -జెడ్ చేర్చమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, ముందే నొక్కిన స్కాన్లని అదింకేం నొక్కలేదు.

తెగితే దానంతటదే మళ్ళీ ఎత్తుకోవాలంటే కమాండు ముందు అంటిల్, చివర సెమికోలన్, ఆపైన డూ స్లీప్ 60, సెమికోలన్, డన్ అని రాయండి. తెగినప్పుడల్లా నిమిషం ఆగి మళ్ళీ మొదలెడుతుంది, గెలిచాకే ఊరుకుంటుంది. చెవికి పాస్‌ఫ్రేజ్ ఉంటే ముందు దాన్ని గుర్తుపెట్టుకునే ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్‌లో చెవిని ఎక్కించి ఉంచాలి, లేదంటే అర్ధరాత్రి పాస్‌ఫ్రేజ్ అడుగుతూ కూర్చుంటుంది. ఒక జాగ్రత్త. తెగడం వల్ల వచ్చే కోడ్లు 12, 30, 255. వీటికి మళ్ళీ ప్రయత్నించడమే మందు. 23 వస్తే మాత్రం కొన్ని ఫైళ్ళు వాటి సొంత కారణాలతో వెళ్ళలేదని: హక్కు లేదనో, పేరు పొడుగనో, ఫోల్డర్ వేరొకరి పేర ఉండి తేదీ మార్చలేకపోయిందనో. 11 వస్తే డిస్కు నిండిందేమో చూడండి. ఈ రెంటికీ ఎన్నిసార్లు తిప్పినా ఫలితం ఉండదు. కమాండుని ఆపి, కిటికీని పైకి జరిపి, ఎర్రర్ వరస చదవండి.

పేర్ల సంగతికొస్తే, ఇది ప్రత్యేకంగా మన తెలుగువాళ్ళ తలనొప్పి. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. విండోస్‌లో 255 యూనికోడ్ అంశాలు. ఇంగ్లిష్‌కి రెండూ ఒకటే గానీ, తెలుగులో ప్రతి యూనికోడ్ అంశానికి మూడు బైట్లు పడతాయి, గుణింతపు గుర్తూ పొల్లూ కూడా విడి అంశాలే. ‘ఉగాది ప్రత్యేక సంచిక’ అన్నది మనం పలికితే తొమ్మిది అక్షరాలు. లోపల 18 అంశాలు, రెండు ఖాళీలు, వెరసి 56 బైట్లు. అలాంటివి నాలుగు చేరిస్తే 224, అయిదోది పట్టదు. పత్రిక పేరు, సంపుటి, సంచిక, మాసం, ముఖ్య వ్యాసం అన్నీ పేరులో ఎక్కిస్తే విండోస్ ఊరుకుంటుంది, లినక్స్ తిప్పికొడుతుంది. మీ రెండు ఫైళ్ళకి జరిగింది అదే. ఆ రెంటినీ ల్యాప్‌టాప్‌లో కుదించి పంపండి.

తెలుగు పేర్లు తప్పని మేమనం. కానీ వెబ్ చిరునామాలో తెలుగు అంశం ఒక్కోటి తొమ్మిదేసి గుర్తులుగా మారి, ‘ఉగాది’ అన్న చిన్న మాటే 45 గుర్తుల కలగూరగంప అవుతుంది. ఫైలుకి 1931-04 లాంటి అంకెల పేరు పెట్టి, తెలుగు శీర్షిక పేజీలో చూపడం మా సలహా. సర్వర్‌లో ఎల్‌ఎస్ కొడితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడినా కంగారు పడకండి, పేరు చెడలేదు, ఆ కిటికీకి భాష సెట్టింగు లేదంతే. ఎక్స్‌పోర్ట్ ల్యాంగ్=సీ.యూటీఎఫ్-8 ఇస్తే మామూలవుతుంది, ఇందులో ఎక్స్‌పోర్ట్ తప్ప మిగతావన్నీ పెద్ద అక్షరాలు. ఆర్‌సింక్ కూడా ఒక్కోసారి ‘అ’ బదులు \#340\#260\#205 అని చూపిస్తుంది. -8 చేరిస్తే తెలుగే కనబడుతుంది.

జంట చైత్రాల గుట్టు ఐత్వంలో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా. కంటికి రెండూ ఒకటే. విండోస్‌లో కొట్టినప్పుడు మొదటిదే వస్తుంది. పాత మ్యాక్‌ల డిస్కు పద్ధతి హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ మాత్రం పేర్లని విడదీసి, రెండో రకంగా దాచుకుంటుంది. లినక్స్‌కి ఈ చుట్టరికాలేమీ తెలియవు, బైట్లు కలవకపోతే వేరే ఫైలే. ‘చై’ మీ దగ్గర ఆరు బైట్లు, మీ అబ్బాయి దగ్గర తొమ్మిది. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. జ్యేష్ఠం, ఆషాఢంలో ఐత్వం లేదు కాబట్టి అవి ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి.

మందు ఉంది. సర్వర్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కాన్వ్‌ఎమ్‌వీ. పత్రికలు ఫోల్డర్‌లో ఉండి కాన్వ్‌ఎమ్‌వీ -ఆర్ -ఎఫ్ యూటీఎఫ్8 -టీ యూటీఎఫ్8 --ఎన్‌ఎఫ్‌సీ --రీప్లేస్ . అని కొట్టండి, చివరి చుక్కతో సహా. ఏం మారుస్తుందో చూపించి ఆగుతుంది. సరేననిపిస్తే చుక్క ముందు --నోటెస్ట్ చేర్చి మళ్ళీ. రీప్లేస్ ఉంది కనుక జంటలో రెండింటి లోపలి సరుకూ ఒకటే అయితే ఒకటిగా కలిపేస్తుంది. తేడా ఉంటే ముట్టుకోదు. అంటే ఇద్దరూ వేర్వేరు స్కాన్లు పంపారన్నమాట, తెరిచి చూసి మంచిది ఉంచుకోవడమే. మ్యాక్ నుంచి వచ్చిన చుక్కతో మొదలయ్యే డీఎస్ స్టోర్ ఫైళ్ళని తీసేసినా నష్టం లేదు.

అన్నీ చేరాయా అన్నదానికి మొదటి పరీక్ష సులువు: అదే ఆర్‌సింక్ మళ్ళీ కొట్టండి. ఫైళ్ళ పేర్లేవీ రాకుండా లెక్క ఒక్కటే చూపి ముగిస్తే పంపాల్సింది లేదని. పంపిన ప్రతి ఫైలునీ చేరాక ఆర్‌సింక్ తనే సరిచూసుకుంటుంది. కానీ విన్‌ఎస్‌సీపీతో వెళ్ళినవాటిని అది సైజూ తేదీ చూసి దాటేసింది కదా, అందుకని పూర్తి పరీక్ష ఒక్కసారైనా చేయాలి. ల్యాప్‌టాప్‌లో పత్రికల ఫోల్డర్‌లోకి వెళ్ళి:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -ప్రింట్0 | ఎక్సార్గ్స్ -0 షా256సమ్ > ../జాబితా

ప్రతి ఫైలుకీ ఒక వేలిముద్ర లెక్కగట్టి, ఒక మెట్టు పైనున్న ఫోల్డర్‌లో జాబితాగా రాస్తుంది. లోపలే రాయిస్తే జాబితా తన వేలిముద్ర తనే తీసుకోబోయి తప్పు చూపిస్తుంది. ఆ జాబితాని సర్వర్‌లో మీ హోమ్‌కి పంపి, అక్కడి పత్రికల ఫోల్డర్‌లో షా256సమ్ -సీ --క్వైట్ ~/జాబితా అని కొట్టండి. ఏమీ మాట్లాడకుండా ముగిస్తే 21 వేలూ బైటు తేడా లేకుండా ఉన్నట్టు. చెడినవాటి పేర్ల పక్కన ‘ఫెయిల్డ్’ వస్తుంది. ఆ ఫైళ్ళని సర్వర్‌లో తీసేసి ఆర్‌సింక్‌ని మళ్ళీ నడపండి. ఈ జాబితాని పారేయకండి. రెండేళ్ళ తర్వాత డిస్కు మీద అనుమానం వచ్చినా ఇదే సాక్ష్యం.

సర్వర్ నుంచి వెనక్కి తెచ్చుకోవడానికి అదే కమాండులో రెండు చిరునామాల చోట్లూ మార్చండి, చ్‌మోడ్ భాగం తీసేయండి. కమాండు కొట్టేది మాత్రం అప్పుడూ ల్యాప్‌టాప్‌లోనే. సర్వర్ నుంచి మీ ఇంటి రౌటర్ దాటి లోపలికి రావడం మామూలుగా కుదరదు. లినక్స్‌లో కవర్.జేపీజీ అని పెద్దక్షరాల్లో ఒకటి, చిన్నక్షరాల్లో ఒకటి పక్కపక్కన ఉండగలవు. విండోస్‌లోకి రాగానే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. పేరులో కోలన్, ప్రశ్నార్థకం ఉన్నవీ విండోస్‌లో ఇమడవు. --డిలీట్ అనేదాన్ని, మూలంలో లేనివి గమ్యంలోనూ తీసెయ్యమనే ఆ మాటని, ఎన్‌తో ఉత్తుత్తి పరుగు చూడకుండా ఎప్పుడూ వాడకండి. యూఎస్‌బీ డిస్కు గుచ్చడం మర్చిపోయిన రోజున /ఎమ్ఎన్‌టీ కింద ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది. మూలంగా ఆ ఫోల్డర్‌నే ఇచ్చి ఉంటే, ఖాళీని చూసి సర్వర్‌నీ ఖాళీ చేయమన్నారనుకుంటుంది.

సర్వర్ పెద్ద క్లౌడ్‌వాళ్ళదైతే ఎక్కించడానికి డబ్బు తీసుకోరు, దించుకోవడానికి తీసుకుంటారు. అమెజాన్ నెలకు 100 జీబీ దాకా బయటికి పంపడం ఉచితంగా ఇస్తోంది. మీ 38 రెండుసార్లు దించుకునేసరికి 76 అవుతుంది, పాఠకులు తెరిచి చదివే పేజీలు కూడా అదే ఖాతాలో పడతాయి. కాబట్టి రెండో కాపీ కావాలంటే సర్వర్ నుంచి దించుకోకుండా, ఇంట్లోనే ల్యాప్‌టాప్ నుంచి ఇంకో డిస్కులోకి తీసుకోండి, జాబితాతో సహా.